ఒసోయుకి ఆగినచోట

ఓబిహిరోలో గుర్రప్పందెం అంటే
దుమ్ము లేపుకుంటూ కళ్లముందే మాయమయ్యేది కాదు.
రెండువందల మీటర్ల ఇసుక, అందులో రెండు దిబ్బలు,
వెనకాల చక్రాల్లేని ఇనుప బండి,
దానిమీద అరటన్నుకు పైమాటే బరువు.
లాగాలి. ఆగాలి.
ఊపిరి కూడదీసుకుని మళ్లీ లాగాలి.
చూడ్డానికొచ్చినవాళ్లం కుర్చీల్లో కూర్చోం,
కంచె పట్టుకుని గుర్రంతోపాటే నడుస్తాం.
అది ఆగితే ఆగుతాం.

వాడి పేరు ఒసోయుకి.
ఆలస్యంగా కురిసిన మంచు అని.
చెర్రీలు పూసేశాక, మే నెలలో,
ఎవరూ అడగని మంచు పడ్డ రాత్రి పుట్టాడట.
పేరు నిలబెట్టుకున్నాడు,
ఏ గీతనీ వేళకు దాటింది లేదు.
తొమ్మిదేళ్లలో గెలిచినవి పదకొండు.
మిగతావన్నీ రెండో దిబ్బ మొదట్లో నిలబడిపోయి,
తల వంచుకుని,
వంటింట్లోకి ఎందుకొచ్చానా అని
గుర్తుచేసుకునే మనిషిలా ఆలోచించినవే.

ఆ ఆలోచన కోసమే వచ్చేవాళ్లం.
బేరాలు వదులుకుని టాక్సీ కుసాకాబే.
నడుముకి బెల్టు బిగించుకుని పాలకొట్టం త్సునేయో.
నేను చిక్కుడు గింజల గోదాములో లెక్కలు రాసేదాన్ని,
అది మూతపడ్డ శీతాకాలం
లోపల హీటరుంటుందని వచ్చాను.
అద్దంలోంచి వాడి వీపుమీద లేస్తున్న ఆవిరి చూసి
బయటి చలిలోకి వెళ్లాను.

"అప్పుల లెక్క వేస్తున్నాడు" అనేవాడు కుసాకాబే.
"ఏమీ లేదు, ఊపిరి పీలుస్తున్నాడు,
మనకి చేతకానిది అదే" అనేది త్సునేయో.

ఫిబ్రవరి. రెండో దిబ్బ ఎక్కేశాడు.
దిగుతుండగా కుడి ముందుకాలు.
ఎండుకొమ్మ విరిగినట్టు వినపడిందని రాస్తే అబద్ధం.
మాకేమీ వినపడలేదు.
జాకీ పగ్గాలు వదిలేసి
ఇసుకలోకి దూకడం చూశాం, అంతే.

ఇరవైమూడు రోజులు.
దూలానికి కట్టిన కాన్వాసు ఉయ్యాలలో
టన్ను బరువు పసిబిడ్డ.
మేం సంచులతో క్యారెట్లు మోశాం,
వాడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.
వాడి పేరు చెప్పుకుని పక్క గుర్రాలు బలిశాయి.
డాక్టరు మాటలు తూచి చెప్పింది:
విరిగిన కాలు అతుక్కుంటోంది,
దాని బరువూ మోసిన ఎడమకాలే
లోపల్లోపల పుండైపోయింది.
మంచం పట్టిన అక్కని పదేళ్లుగా లేపి కూర్చోబెడుతున్న త్సునేయో
బెల్టు సర్దుకుని తలూపింది.
ఆవిడ ఇంకేమీ అడగలేదు.

మార్చిలో ఒక బుధవారం
నోటీసు బోర్డుమీద నాలుగు వరుసల కాగితం.
గేటు దగ్గర మడత బల్ల వేశారు.
పూలూ ఆపిళ్లూ పెట్టారు.
ఎవరో చిన్నపిల్ల వేసిన బొమ్మ,
ఐదు కాళ్లతో. ఒకటి అదనంగా, కావాలనే.
కుసాకాబే పర్సులోంచి పాత టిక్కెట్టు తీశాడు.
గెలిచిందే, సొమ్ము మాత్రం తీసుకోలేదు,
గడువు తీరి ఆరేళ్లు.
మూడువందల నలభై యెన్లు.
గాలికి పోకుండా దానిమీద క్యారెట్టు పెట్టాడు.

ఆ రాత్రి ఆఖరి పందెం అయ్యాక
ఎవరూ ఇంటిదారి పట్టలేదు.
ఖాళీ ఇసుక పక్కన, కంచె వెంట,
మొదలుపెట్టినవాళ్లెవరో తెలీదు, నడిచాం.
మొదటి దిబ్బ దాటాం.
రెండో దిబ్బ మొదట్లో
అందరం ఒక్కసారే ఆగిపోయాం.

వాడు ఎంతసేపు ఆగేవాడో అంతసేపు ఆగాం.
నోళ్లలోంచి ఆవిరి.
దీపాలు ఒక్కో వరుసా ఆరిపోతున్నాయి.
ఆ వేళకి వాడైతే మెడ పైకెత్తి
గొలుసులు గలగలమనిపించేవాడు.
మాకు ఎవరు ముందు కదలాలో తెలియలేదు.

చాలాసేపటికి త్సునేయో
తెల్లవారుజామున ఆవుల్ని అదిలించినట్టు
నాలుకతో టక్కుమనిపించింది.

కదిలాం.